ఏడవని పిల్లల వార్డు

1949లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో బిడ్డను చేర్పించిన తల్లికి ఒక నియమం చెప్పేవారు. మొదటి నెలంతా బిడ్డను పలకరించడానికి వీల్లేదు. మరీ చూడాలనిపిస్తే సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య రావచ్చు. అప్పటికి బిడ్డ నిద్రపోయి ఉంటాడు కాబట్టి ఒకసారి చూసుకుని వెళ్లిపోవచ్చు. అదే ఊళ్లో గైస్ ఆసుపత్రివారు ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రానిచ్చేవారు. సెయింట్ బార్తలోమ్యూలో బుధవారం గంటన్నర. లండన్ హాస్పిటల్‌లో మూడేళ్లలోపు పిల్లల్ని కలవనిచ్చేవారే కాదు, అడ్డుతెర ఇవతలి నుంచి చూసుకోవాలి. వెస్ట్ లండన్ ఆసుపత్రిలో ఆ మాత్రం కూడా లేదు. ఆ ఏడాది స్పెక్టేటర్ పత్రికలో అచ్చయిన ఒక చిన్న సర్వేలో ఈ వేళలన్నీ వరసగా ఉన్నాయి.

ఈ నియమాలు పెట్టినవాళ్లు కఠినాత్ములేమీ కారు. వాళ్ల భయానికి కారణం ఉంది. యాంటీబయాటిక్స్ ఇంకా రాని రోజుల్లో పిల్లల వార్డులోకి డిఫ్తీరియానో, స్కార్లెట్ ఫీవరో, తట్టో చొరబడిందంటే ఎన్ని ప్రాణాలు తీసుకుపోతుందో చెప్పలేని పరిస్థితి. రోగం బయటివాళ్ల బట్టలనూ చేతులనూ అంటుకుని లోపలికి వస్తుందనుకున్నారు, తలుపులు మూశారు. రెండో కారణం ఇంకా బలమైనది, ఎందుకంటే నర్సులు దాన్ని రోజూ కళ్లారా చూస్తున్నారు. తల్లి వచ్చి వెళితే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. రాకుండా ఉంటే రెండు మూడు రోజుల్లో ఏడుపు ఆగిపోతుంది. "కుదురుకున్నాడు" అనేవాళ్లు. కుదురుకున్నవాణ్ణి మళ్లీ కదిలించడం దేనికి?

వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ మాటలో పొరపాటు ఎక్కడుందో పట్టుకోవడానికి ఏళ్లు పట్టింది. పట్టుకున్న మనిషి డాక్టరూ కాదు, నర్సూ కాదు.

అనుమానం మాత్రం అంతకుముందే కొందరికి వచ్చింది. 1931లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి పిల్లల విభాగం బాధ్యత హ్యారీ బాక్విన్ చేతికి వచ్చింది. అక్కడ పసిబిడ్డలకు పాలకు లోటు లేదు, శుభ్రతకు లోటు లేదు. అయినా బరువు పెరగరు, కారణం లేని జ్వరం, కళ్లలో జీవం ఉండదు. అదే బిడ్డ ఇంటికి వెళ్లిన కొద్ది రోజులకే తేరుకుంటాడు. ఆ కాలంలో చేయి తగలకుండా పసివాళ్లను సాకడానికి చేతులు దూర్చే తొడుగులున్న పెట్టెలు కూడా తయారుచేశారంటే భయం ఏ స్థాయికి చేరిందో ఊహించుకోవచ్చు. లోపలికి రాబోయేముందు చేతులు రెండుసార్లు కడుక్కోమని హెచ్చరించే బోర్డును బాక్విన్ తీయించేశాడు. ఈ గదిలోకి వచ్చినవాళ్లు ఒక బిడ్డనైనా ఎత్తుకోవాలన్న బోర్డు పెట్టించాడు. అంటువ్యాధులు పెరగలేదు సరికదా, తగ్గాయి.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జేమ్స్ స్పెన్స్ అనే డాక్టరు 1920ల నుంచే తల్లుల్ని కూడా బిడ్డలతో పాటు ఆసుపత్రిలో ఉంచుకునేవాడు. న్యూజిలాండ్‌లో సెసిలీ పికెరిల్, ఆమె భర్త హెన్రీ ఇద్దరూ ప్లాస్టిక్ సర్జన్లు. గ్రహణం మొర్రితో పుట్టిన పసివాళ్లకు ఆపరేషన్ చక్కగా చేస్తే, వార్డులో అంటుకున్న ఇన్‌ఫెక్షన్ ఆ కుట్లను పాడుచేసేది. అందుకని 1942లో వెల్లింగ్టన్ దగ్గర లోయర్ హట్‌లో సొంత ఆసుపత్రి పెట్టి, ఒక్కో బిడ్డకు ఒక్కో గది ఇచ్చి, నర్సింగ్ అంతా కన్నతల్లికే నేర్పారు. ఒక చేయి ఒకే బిడ్డను ముట్టుకుంటే రోగం ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకే దారే లేదు కదా! లండన్‌లో ఏ భయంతో తల్లిని గుమ్మం బయట నిలబెట్టారో, సరిగ్గా ఆ భయంతోనే పికెరిల్ దంపతులు తల్లిని లోపలికి పిలిచారు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే మలుపు ఇది. అయితే దూరాన ఉన్న ఒక చిన్న ఆసుపత్రి అనుభవం పెద్ద ఆసుపత్రుల అలవాటును మార్చలేకపోయింది.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. జేమ్స్ రాబర్ట్‌సన్ 1911లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో పక్కన రూథర్‌గ్లెన్‌లో పుట్టాడు. కార్మిక కుటుంబం, ఇంటినిండా పిల్లలు. పద్నాలుగేళ్లకే బడి మానేసి ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరాడు. చదువు మీద మమకారం చావక పెద్దయ్యాక కార్మికుల కళాశాలలో చేరాడు. ఆ తర్వాత జాయిస్‌ను పెళ్లి చేసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు మనస్సాక్షి ఒప్పుకోదని ఆయుధం పట్టనన్నాడు. 1941లో భార్యాభర్తలిద్దరికీ లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పని దొరికింది. బాంబుల వల్ల ఇళ్లూ వాకిళ్లూ పోయిన కుటుంబాల పిల్లల కోసం సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అనా ఫ్రాయిడ్ అక్కడ శిశుగృహాలు నడుపుతోంది. జాయిస్ పిల్లల్ని చూసుకునేది. జేమ్స్ బాయిలర్ చూసుకునేవాడు. పైపులు, ఫ్యూజులు, రాత్రివేళ బాంబులకు మంటలు లేస్తాయేమోనని కాపలా, ఇవీ అతని పనులు.

అనా ఫ్రాయిడ్ పెట్టిన ఒక పద్ధతి ఈ బాయిలర్ మనిషి జీవితాన్నే మార్చేసింది. పిల్లలు ఏం చేశారో, ఏమన్నారో గమనించి చిన్న చిన్న కార్డుల మీద రాయాలి. ఈ పని పెద్ద చదువులు చదివినవాళ్లకే పరిమితం చేయలేదు. ఎవరైనా రాయవచ్చు. అభిప్రాయం రాయకూడదు, కంటికి కనిపించింది రాయాలి. రాబర్ట్‌సన్ బొగ్గు మసి చేతులు కడుక్కుని కార్డులు రాశాడు. తల్లి వదిలి వెళ్లిన మొదటి గంటలో రెండేళ్ల పిల్ల ఎలా ఉంటుంది, మూడో రోజున ఎలా ఉంటుంది, మూడో వారంలో ఎలా ఉంటుంది. కొన్నేళ్ల పాటు ఈ చూడటమే అతని విద్య. తర్వాత అతను మానసిక రోగుల సేవకు సంబంధించిన సోషల్ వర్కరుగా శిక్షణ కూడా పొందాడు.

1948లో టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడికి చిన్న పరిశోధన నిధి దొరికింది. తల్లి నుంచి విడిపోయిన చిన్నపిల్లలు ఏమవుతారన్నది అతని ప్రశ్న. బాగా చూడటం వచ్చిన మనిషి కావాలి. రాబర్ట్‌సన్‌ను పెట్టుకున్నాడు. అలా అతను సెంట్రల్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పిల్లల వార్డులో అడుగుపెట్టాడు.

మొదటి రోజే కథ మొత్తం అతని కళ్ల ముందుంది. వార్డు తళతళలాడుతోంది. డాక్టర్లూ నర్సులూ మంచివాళ్లు, పనిమంతులు. కాస్త పెద్ద పిల్లలు అల్లరి చేస్తున్నారు, పిలుస్తున్నారు, నవ్వుతున్నారు. మూడేళ్లలోపు వాళ్లు మాత్రం ఊచల మంచాల్లో కదలకుండా కూర్చుని ఉన్నారు. ముందు బొమ్మలున్నాయి, ముట్టుకోవడం లేదు. నర్సు దగ్గరికి వస్తే అభ్యంతరం లేదు, వెళ్లిపోతే పిలవడం లేదు. ఒకటి రెండు రోజులు ఏడ్చారని, తర్వాత చక్కగా కుదురుకున్నారని సిబ్బంది చెప్పారు. ఆ మాట వాళ్లు నమ్మే చెప్పారు. రాబర్ట్‌సన్‌కు కనిపించింది వేరు. హాంప్‌స్టెడ్ కార్డుల మీద ఎన్నోసార్లు రాసిన ముఖాలే ఇక్కడా ఉన్నాయి. వీళ్లు కుదురుకోలేదు. ఆశ వదులుకున్నారు.

ఆ తర్వాత దాదాపు రెండేళ్లు వార్డుల్లోనే గడిపాడు. కొద్ది రోజులుండే వార్డులు, జ్వరాల ఆసుపత్రులు, క్షయ వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి ఉండే శానిటోరియంలు, అన్నీ చూశాడు. ఎక్కడ చూసినా ఒకే వరస కనిపించింది. ముందు తిరుగుబాటు: ఏడవడం, ఊచలు పట్టుకుని ఊపడం, తలుపు వైపే చూడటం, ఎవరు ఎత్తుకున్నా తోసెయ్యడం. తర్వాత నిరాశ: మౌనం, ముద్ద మింగుడుపడకపోవడం, తనలోకి తాను ముడుచుకుపోవడం. అప్పటికీ తల్లి రాకపోతే మూడో దశ. ఇది అందరినీ మోసం చేసేది. బిడ్డ మళ్లీ నవ్వుతాడు, తింటాడు, వచ్చే ప్రతి నర్సునూ పలకరిస్తాడు. కానీ తల్లి వస్తే లేచి ఎదురురాడు. ఆమె సంచిలో మిఠాయి ఉందా అని వెతుకుతాడు. ఒక నర్సుకు చేరువయ్యేసరికి ఆమెకు డ్యూటీ మారిపోతుంది, ఇంకొకరికి చేరువైతే ఆమే వెళ్లిపోతుంది. అలా కొన్నిసార్లు మనసు విరిగిన తర్వాత ఏ మనిషినీ నమ్ముకోవడం మానేసి వస్తువులను నమ్ముకుంటాడు. వార్డు దృష్టిలో వాడే అందరికన్నా బాగా కుదురుకున్న పిల్లవాడు!

అంటే తల్లి వచ్చినప్పుడు బిడ్డ ఏడవడం చెడు లక్షణం కాదు. దిగమింగుకున్న బాధను చెప్పుకోవడానికి తన మనిషి దొరికినందువల్ల వచ్చిన ఏడుపు అది. రాబర్ట్‌సన్ ఈ సంగతి డాక్టర్ల సమావేశాల్లో చెప్పాడు, నర్సులకు చెప్పాడు, కాగితాల మీద రాసి ఇచ్చాడు. ఎవరూ నమ్మలేదు. మీరు చూసిన వార్డులో అలా జరిగిందేమో, మా దగ్గర అలా ఉండదన్నారు కొందరు. ఆ పిల్లల ఇళ్లలోనే ఏదో లోపం ఉండి ఉంటుందన్నారు ఇంకొందరు. చెప్పేవాడు డాక్టరైనా కాదాయె!

మాట పనిచేయనప్పుడు బొమ్మ పనిచేయవచ్చునన్న ఆలోచన అప్పుడు వచ్చింది. రాబర్ట్‌సన్ జీవితంలో ఎన్నడూ సినిమా కెమెరా పట్టలేదు. చేత్తో పట్టుకునే చిన్న కెమెరా ఒకటి, కొంత నలుపు తెలుపు ఫిల్ము కొన్నాడు. లైట్లు లేవు, శబ్దం రికార్డు చేసే ఏర్పాటు లేదు. బౌల్బీ మాత్రం రాబోయే దాడిని ముందే పసిగట్టాడు. బాగా ఏడ్చే పిల్లను ఏరుకున్నారంటారు. ఏడ్చిన క్షణాలనే అతికించారంటారు. ఈ రెండు మాటలకూ తావివ్వకూడదు. అందుకని ఆపరేషన్ కోసం పేరు రాయించుకున్న పిల్లల జాబితాలోంచి ఒక పేరును లాటరీ పద్ధతిలో తీశారు. ప్రతిరోజూ నిర్ణయించుకున్న సమయాల్లోనే చిత్రీకరించారు, సమయానికి సాక్షిగా వార్డు గోడ గడియారం కూడా ఫ్రేములో ఉండేలా చూసుకున్నారు. 1951లో, చేతిలో ఉన్న కొద్దిపాటి వనరులతో, ఎవరూ వేలెత్తి చూపలేనంత నిజాయితీగా ఒక సాక్ష్యాన్ని తయారుచేయాలనుకున్న ఆ పట్టుదలకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

లాటరీలో వచ్చిన పేరు లారా. వయసు రెండేళ్ల ఐదు నెలలు. బొడ్డు దగ్గర హెర్నియాకు చిన్న ఆపరేషన్, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో. పరిశోధకుడి వైపు నుంచి చూస్తే ఇంతకన్నా ఇబ్బందికరమైన ఎంపిక ఉండదు. ఎందుకంటే లారా సులువుగా ఏడ్చే పిల్ల కాదు. వయసుకు మించిన నిబ్బరం. ఎనిమిది రోజుల ఫిల్ములో ఏమీ దొరకకపోయే ప్రమాదం ఉంది. సరిగ్గా ఆ నిబ్బరమే ఈ చిత్రానికి ప్రాణమవుతుందని అప్పటికి ఎవరికి తెలుసు?

చేరిన రోజు లారా నర్సుతో స్నేహంగానే ఉంది. బట్టలు విప్పి స్నానం చేయిస్తుండగా ఒక్కసారిగా అమ్మ కావాలంది, ఒంటిమీద నూలుపోగు లేకుండా తలుపు వైపు పరుగెత్తింది. పట్టుకుని తీసుకొచ్చాక మళ్లీ ముఖం సర్దుకుంది. అక్కణ్ణుంచి ఎనిమిది రోజులూ ఆ సర్దుకోవడమే చూస్తాం. పెదవి వణుకుతుంది, ఏడుపు రాదు. వేలితో కన్ను తుడుచుకుంటుంది, మళ్లీ మామూలుగా ఉన్నట్టు కూర్చుంటుంది. ఇంటినుంచి తెచ్చుకున్న ఎలుగుబంటి బొమ్మ, తను పాపాయి అని పిలుచుకునే ఒక దుప్పటి ముక్క, ఈ రెండింటినీ హత్తుకుని ఉంటుంది. నొప్పి పెట్టినప్పుడూ, భయం వేసినప్పుడూ అవే. ఉన్నట్టుండి, ఆటలోనో మాటల మధ్యలోనో, గొంతు పెంచకుండా అమ్మ ఎక్కడికి వెళ్లిందని అడుగుతుంది. చేరిన మరుసటి రోజు తల్లి వస్తే చేతులు చాచలేదు. ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది. తర్వాత తల్లి వచ్చిన ప్రతిసారీ ఆమె దగ్గర కరగడానికి లారాకు కొంత సమయం పట్టేది. పక్క మంచంలో ఇంకో పిల్లవాడు తెగ ఏడుస్తుంటే వాడు అమ్మ కావాలంటున్నాడని లారాయే నర్సుకు వివరించింది.

ఇంటికి వెళ్లే రోజు దృశ్యం చూసినవాళ్లు మరిచిపోలేరు. లారా తన వస్తువులన్నీ ఒక్కటొక్కటిగా పోగుచేసుకుంది. చిరిగిన పుస్తకాన్ని కూడా ఆసుపత్రికి వదిలిపెట్టడానికి ఒప్పుకోలేదు. అన్నీ గుండెకు అదుముకుని తల్లి పక్కన నడుస్తూ వార్డు దాటింది. తల్లి చేయి అందిస్తే పట్టుకోలేదు.

ఇంకో సంగతి. కొన్ని నెలల తర్వాత ఆ ఫిల్ము తల్లిదండ్రులకు చూపిస్తుండగా లారా అనుకోకుండా గదిలోకి వచ్చి కొంత చూసింది. ముఖం ఎర్రబడింది. అమ్మవైపు తిరిగి, అప్పుడు నువ్వెక్కడున్నావని కోపంగా నిలదీసింది. ఏడుస్తూ నాన్న దగ్గరికి వెళ్లిపోయింది. పిల్లలు మరిచిపోతారులే అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఆ పిల్ల ఇచ్చిన జవాబు అది.

1952 నవంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ సభలో ఈ చిత్రం వేశారు. సుమారు 300 మంది డాక్టర్లు, నర్సులు వచ్చారు. ముప్పావు గంట సినిమా అయిపోయింది, దీపాలు వెలిగాయి, సభ భగ్గుమంది. ఇది పిల్లల వైద్యవృత్తి మీద అపవాదన్నారు. మామూలు పిల్లను చూపించలేదన్నారు. చిత్రాన్ని వెనక్కి తీసుకోవాలన్నారు. తల్లుల్ని బిడ్డలతో పాటు ఉంచుకునే జేమ్స్ స్పెన్స్ సైతం ఒక సందర్భంలో, మానసికంగా కాస్త కలత చెందితే తప్పేముందని ఎదురుప్రశ్న వేశాడు. సొంతవాడనుకున్న మనిషే అలా అంటే రాబర్ట్‌సన్‌కు ఎలా ఉండి ఉంటుంది!

ఆ రోజు కోపంతో ఇంటికి వెళ్లినవాళ్లలో డెర్మాడ్ మెకార్తీ అనే పిల్లల డాక్టరు ఒకడు. బకింగ్‌హామ్‌షైర్‌లో ఎయిల్స్‌బరీ, ఆమర్‌షామ్ ఆసుపత్రుల్లో పనిచేసేవాడు. తన పని మీద నింద వేశారని అతనికి మండిపోయింది. కానీ మర్నాటి నుంచి సొంత వార్డులో రౌండ్స్‌కు వెళితే రోజూ చూసే పిల్లలే కొత్తగా కనిపించసాగారు. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల, బొమ్మ ముట్టని పిల్లవాడు. ఆ సినిమా అతని మీద పనిచేసింది అక్కడ, లండన్ సభలో కాదు. వార్డు సిస్టర్ ఐవీ మారిస్‌తో కలిసి ఆమర్‌షామ్‌లో తల్లుల్ని బిడ్డ పక్కనే ఉండనివ్వడం మొదలుపెట్టాడు. సిస్టర్ మారిస్ పేరు ఈ కథలో గట్టిగా చెప్పాలి. తలుపు తెరవమని డాక్టరు చెప్పవచ్చు. ఇరవై నాలుగు గంటలూ ఆ తల్లులతో వేగి, ఏ పని ఎవరు చేయాలో పంచి, బిడ్డకు స్నానం, తిండి తల్లికి అప్పగించి, ఆమె భయాన్ని తాను మోసింది నర్సే. ఆ అనుభవాన్ని వాళ్లు సహచర డాక్టరు మేరీ లిండ్సేతో కలిసి 1962లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. సిస్టర్ పేరు డాక్టర్ల పేర్లతో పాటే రచయితల్లో ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. రోజంతా పిల్లల మధ్యే ఉండే నర్సులకు ఇన్నేళ్లూ ఈ బాధ ఎందుకు కనిపించలేదు? దీనికి జవాబు టావిస్టాక్ బృందంలోని మరో పరిశోధకురాలికి, వేరే దారిలో వెళుతుండగా దొరికింది. ఇసబెల్ మెంజీస్‌ను లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి నర్సుల శిక్షణ గురించి సలహా అడిగింది. నర్సింగ్‌లో చేరిన విద్యార్థినుల్లో మూడోవంతు మంది మధ్యలోనే మానేస్తున్నారు. ఆమె లోపలికి వెళ్లి చూస్తే నర్సుల గుండెల్లో భయం, జాలి, అపరాధభావం పేరుకుపోయి ఉన్నాయి. అవి పైకి రాకుండా ఉండేలా ఆసుపత్రి పనిని విభజించింది. ఒక నర్సుకు ఒక రోగి అని ఉండదు. ఒకరు అందరికీ జ్వరం చూస్తారు, ఒకరు అందరికీ పడకలు సర్దుతారు. మనిషిని పేరుతో పిలవరు, పదో మంచం మీది కాలేయం అంటారు. నిద్రమాత్ర ఇవ్వాల్సిన వేళ అయిందని నిద్రపోతున్న రోగిని లేపి మాత్ర వేస్తారు. ఎవరితోనూ బంధం పెరగకముందే వార్డు మార్చేస్తారు. 1960 ప్రాంతంలో మెంజీస్ దీన్ని అచ్చులో పెట్టింది: బాధను దగ్గరగా చూడకుండా కాపాడటానికి కట్టిన గోడలు నర్సుల బాధను తగ్గించడం లేదు, పైగా సేవ చేయాలని వచ్చినవాళ్లకు ఆ సంతోషం కూడా లేకుండా చేస్తున్నాయి. ఓదార్చేవాళ్లకే ఓదార్పు లేని చోట రోగికి ఎక్కడినుంచి వస్తుంది? రాబర్ట్‌సన్ సినిమాను చూసి నర్సులు ఎందుకంత కోప్పడ్డారో మెంజీస్ రాసింది చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఏడుపు ఆగిన పిల్ల కుదురుకుందని నమ్మడం వాళ్లకు అవసరం. నమ్మకపోతే రేపు మళ్లీ డ్యూటీకి ఎలా రాగలరు?

రాబర్ట్‌సన్ ఆగలేదు. 1956లో జాయిస్ తమ నాలుగేళ్ల కూతురికి టాన్సిల్స్ ఆపరేషన్ జరిగినప్పుడు పక్కనే ఉండి చూసినవన్నీ రాసి ప్రచురించింది. దానికి అనా ఫ్రాయిడ్ వ్యాఖ్య రాసింది. 1958లో ఆమర్‌షామ్ వార్డులోనే రెండో చిత్రం పూర్తయింది: తల్లితో కలిసి ఆసుపత్రిలో ఉన్న చిన్నపిల్ల కథ. ఈసారి చూపించింది సమస్యను కాదు, దారిని. పిల్ల ఏడుస్తుంది, నొప్పి పడుతుంది, తల్లి ఒడిలో తేరుకుంటుంది. అంతే. ఆ సమయానికే ప్రభుత్వం సర్ హ్యారీ ప్లాట్ అనే ఎముకల శస్త్రవైద్యుడి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. రాబర్ట్‌సన్ ఆ సంఘం ముందు వాంగ్మూలం ఇచ్చాడు, తన చిత్రాలు చూపించాడు. 1959లో వచ్చిన ప్లాట్ నివేదిక పిల్లల్ని చూడటానికి వేళల ఆంక్షలు ఉండకూడదంది. చిన్నపిల్లలతో తల్లి ఉండేందుకు వసతి కల్పించాలంది. డాక్టర్లకూ నర్సులకూ పిల్లల మనసు గురించి శిక్షణ ఇవ్వాలంది. ప్రభుత్వం తల ఊపింది.

తల ఊపినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. నివేదిక సలహా మాత్రమే, ఆసుపత్రులు పాటించి తీరాలని లేదు. 1961లో రాబర్ట్‌సన్ అబ్జర్వర్ పత్రికలో వ్యాసాలు రాశాడు, బీబీసీ టెలివిజన్‌లో తన చిత్రాల్లోని భాగాలు చూపించి, మీకు ఏం జరిగిందో రాయండని తల్లిదండ్రులను కోరాడు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. లండన్‌లోని బాటర్సీలో కొందరు తల్లులు ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. ఆసుపత్రికి ఆసుపత్రి తిరిగి, మా పిల్లల్ని చూడటానికి ఏ వేళల్లో రానిస్తారని అడిగి, వచ్చిన జవాబులను బయటపెట్టారు. కొన్నేళ్లలో అది దేశమంతటికీ శాఖలున్న సంస్థ అయింది. తలుపులు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి. డాక్టర్ల సభ పదేళ్లు నానబెట్టిన విషయాన్ని తల్లులు కదిలించారు.

మన దగ్గర ఈ పోరాటం ఈ రూపంలో రాలేదు. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రికి వెళ్లినా, ఏ జిల్లా ఆసుపత్రి పిల్లల వార్డుకు వెళ్లినా, బిడ్డ మంచం మీదో మంచం పక్కనో తల్లి ఉంటుంది. అమ్మమ్మో నాయనమ్మో సంచి సర్దుకుని అక్కడే పడుకుంటుంది. అయితే ఒక తలుపు మనకూ మూసే ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన, బరువు తక్కువైన బిడ్డను నవజాత శిశువుల ప్రత్యేక వార్డులోకి తీసుకెళ్లాక తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట. కారణం మళ్లీ అదే, ఇన్‌ఫెక్షన్ భయం. ఢిల్లీలోని రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రిలో తల్లిదండ్రులకు చేతుల శుభ్రత, గౌను వేసుకోవడం, బిడ్డను పట్టుకునే తీరు నర్సులే నేర్పి లోపలికి రానిచ్చి చూశారు. ఆ అనుభవం ఆధారంగా 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ కుటుంబ భాగస్వామ్య సంరక్షణ పేరుతో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ తర్వాత భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద అధ్యయనం చేయించింది. బరువు తక్కువ బిడ్డను, పరిస్థితి నిలకడకు వచ్చేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే పద్ధతిని అందులో పరీక్షించారు. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో పాల్గొంది. 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో మొదటి 28 రోజుల్లో నూటికి 15.7 మంది బిడ్డలు చనిపోతే, తల్లి దగ్గరున్న బిడ్డల్లో అది 12కు తగ్గింది. తేడా అంత స్పష్టంగా కనబడటంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు.

కాబట్టి మీ ఇంట్లో పసిబిడ్డ ఎప్పుడైనా నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో ఉండాల్సివస్తే, తల్లి లోపలికి ఎప్పుడు రావచ్చు, ఏం నేర్చుకోవాలి అని డ్యూటీ సిస్టర్‌ను అడగండి. అడగడం మీ హక్కు, 2017 మార్గదర్శకాలు మీ వైపే ఉన్నాయి. కాస్త పెద్ద పిల్లలైతే నిద్రపోయాక కళ్లుగప్పి వెళ్లకండి. వెళుతున్నానని చెప్పండి, ఎప్పుడు వస్తారో చెప్పండి, ఆ వేళకు రండి. ఇంజక్షన్ నొప్పి పెట్టదని అబద్ధం చెప్పకండి. ఇంటి దగ్గర పట్టుకుని పడుకునే పాత దుప్పటి ఉంటే, మాసిపోయిందని సిగ్గుపడకుండా వెంట తీసుకెళ్లండి. నర్సింగ్ చేస్తున్న అక్కాచెల్లెళ్లకు ఒక విన్నపం: డ్యూటీ అప్పగించేటప్పుడు ఏ బిడ్డకు జ్వరం తగ్గలేదో చెప్పినట్టే, ఏ బిడ్డ నిన్నటినుంచి ఏడవడం లేదో, బొమ్మ ముట్టడం లేదో కూడా వచ్చేవాళ్లకు చెప్పండి.